పగటిపూట కనపడని తెప్ప

అల్లూరుకు తూర్పున కాలువ దాటి, సరుగుడు తోట దాటి, ఇక ముందుకు పోవడానికి నేల లేదనే చోట చేపలు పట్టేవాళ్ళ పట్టపుపాలెం ఒకటి ఉంది. ఆ పాలెం అంకాలమ్మకు చాలాకాలం ఒకే పేరు పెట్టి పిలిచింది, పగటిదొంగ అని. ఆమె ఎవరిదీ ఏమీ దొంగిలించలేదు. పగలు కళ్ళు కనపడవంటుంది, పొద్దు కుంకితే అందరిలాగే తిరుగుతుంది, అందుకని ఆ పేరు. పూర్తిగా గుడ్డిదైతే జాలిపడి దారి చూపించేవాళ్ళే. ఒంటిపూట గుడ్డిదాన్ని ఏం చేసుకోవాలో పాపం ఊరికి తెలియలేదు. తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చు కదా అంటారేమో. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం.

చిన్నప్పుడు పుట్టింటి పాలెంలో అంకాలమ్మ అందరి కళ్ళూ తన కళ్ళలాంటివే అనుకుంది. పొద్దెక్కే కొద్దీ ఇసకా, నీళ్ళూ, ఆకాశమూ కలిసిపోయి ఒకటే తెల్లటి మంటయ్యేది. ఆ మంటలో కళ్ళు తెరిస్తే నీళ్ళు కారేవి, కనుగుడ్లు వణికేవి. అందరికీ ఇంతే కాబోలు, వాళ్ళకు ఓర్పు ఎక్కువ, నాకు తక్కువ అనుకునేది. పిల్లలంతా ఒడ్డున నిలబడి దూరంగా వస్తున్న తెప్పలు లెక్కపెట్టే ఆట ఆడేవాళ్ళు. అదొక అబద్ధాల ఆట అనుకుని తనూ నోటికొచ్చిన లెక్క చెప్పేది. రంగుల పేర్లు మాత్రం, చూడని చుట్టాల పేర్లు నేర్చుకున్నట్టు, ఒక్కొక్కటీ అడిగి నేర్చుకుంది. ఎర్రదనేది తనకు నల్లగా కనపడుతుందనీ, పచ్చదనేది బూడిదలా కనపడుతుందనీ గుర్తు పెట్టుకుంది. తల్లి ఇదంతా చూసి పిల్లకు సిగ్గెక్కువ అని చెప్పుకునేది. గ్రహణం పట్టిన రోజు కడుపుతో ఉండి చేపలు కోసిందని ఊరు ఆ తల్లిని ఆడిపోసుకుంది.

పెళ్ళిచూపులు సాయంత్రం దీపాలు పెట్టే వేళ జరిగాయి. అందులో మోసమేమీ లేదు. ఆ తీరపు పాలేల్లో మగవాళ్ళు చీకటితో సముద్రం మీదికి పోయి మధ్యాహ్నానికి వస్తారు, అన్నం తిని నిద్రపోతారు, లేచేసరికి పొద్దు వాలుతుంది. చూపులైనా తగవులైనా అప్పుడే. అంకాలమ్మ అందరికీ మంచినీళ్ళు ఇచ్చింది, ఒక్క చుక్క ఒలకలేదు. కళ్ళు విప్పార్చి చూసింది. "పిల్ల కండ్లు పెద్దయ్యి, మా వాడికి నచ్చినట్టే ఉండాది" అంది పెళ్ళికొడుకు తల్లి మాలకొండమ్మ. పెళ్ళికొడుకు కామాక్షయ్య నీళ్ళ చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు బాగా కనపడింది. ముహూర్తం కూడా రాత్రికే కుదిరింది.

కథ చెడింది ఒడ్డు దగ్గర. ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. తెప్ప ఒడ్డుకు వచ్చే వేళకు ఇల్లాలు గంప పట్టుకుని మోకాటి లోతు నీళ్ళలోకి పోయి నిలబడాలి. మగవాడు మొదటి గుప్పెడు చేపలు ఆమె గంపలో వేశాకే మిగతావి ఇసక మీద పోస్తాడు. కొత్తకోడలు మొదటిసారి గంప పడుతుందంటే పాలెమంతా వచ్చి చూస్తుంది. అంకాలమ్మ పెళ్ళిచీర కట్టుకుని, నడినెత్తిన ఎండతో, తెల్లటి మంట మధ్యలో నిలబడింది. అలల చప్పుడు, తెప్ప ఇసకకు రాసుకున్న చప్పుడు, మగవాళ్ళ అరుపులు. ఎదురుగా ఒక మనిషి ఆకారం కదిలినట్టయింది. రెండడుగులు ముందుకు వేసి గంప చాచింది.

ఆ మనిషి పక్క తెప్ప పోలేరయ్య. తన మొగుడి తెప్ప ఇంకా అవతల ఉంది.

గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. పోలేరయ్య సరసాలకు పెట్టింది పేరు, ఊరుకుంటాడా? "నేనేమన్నా పిలిచినానా అబ్బా, తనే వచ్చినాది" అన్నాడు. అవతల కామాక్షయ్య చేతిలో గుప్పెడు చేపలతో నిలబడే ఉన్నాడు. నవ్వులు సాగి సాగి చివరికి గుసగుసలయ్యాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు గదా జనం. ఇక్కడ పొగ కూడా వాళ్ళే పెట్టారు.

ఆ సాయంత్రం గుడిసె ముందు కూర్చుని కామాక్షయ్య అడిగాడు.

"మధ్యాన్నం నేను నీకు కనపళ్ళేదా?"

"ఎండకు కనపళ్ళేదు మావా."

"ఇప్పుడు కనపడతా ఉండానా?"

"కనపడతా ఉండావు."

ఆమె కళ్ళు విప్పార్చి నేరుగా ఆయన మొగంలోకి చూస్తూనే ఆ మాట చెప్పింది. ఉన్నమాట చెప్పి చెడినవాళ్ళలో ఆమె ఒకతె. మొగుడి కళ్ళలోకి ఇంత సూటిగా చూడగలిగే ఆడది పట్టపగలు మొగుణ్ణి పోల్చుకోలేదంటే ఎవరు నమ్ముతారు? కామాక్షయ్య తల తిప్పుకున్నాడు. అరవలేదు, కొట్టలేదు, పుట్టింటికి పొమ్మనలేదు. మాట్లాడటం మానేశాడు, అంతే.

అలా ఏళ్ళు గడిచాయి. గంప మాలకొండమ్మే పట్టుకునేది. అంకాలమ్మ పగలంతా తాటాకు ఇంట్లో చీకటి మూల కూర్చుని చిరిగిన వలలు అల్లేది. దానికి కళ్ళతో పని తక్కువ, వేళ్ళతో పని ఎక్కువ. పొద్దు వాలాక బయటికి వచ్చి దిబ్బ మీద చెలమలోంచి నీళ్ళు తెచ్చుకునేది. అప్పటికి మిగతా ఆడవాళ్ళంతా ఇళ్ళకు చేరేవాళ్ళు. అందరికీ తెల్లవారినప్పుడు ఆమెకు చీకటి, ఆమెకు తెల్లవారినప్పుడు దిబ్బ మీద మనిషి ఉండడు. ఒక మనిషితో తీరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. మొగుడు అడుగు పెట్టిన చప్పుడు, దగ్గిన చప్పుడు, బీడీ ముట్టించిన చప్పుడు, ఇవే ఆమె కాపురం. ఆయన నమ్మితే చాలు, ఇంకెవరూ నమ్మకపోయినా ఫరవాలేదని లోపల అనుకునేది. నమ్మించాలంటే మాట ఉండాలి. ఆ మాటే లేదు.

పందొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవి, అల్లూరు బళ్ళో కళ్ళ డాక్టర్లు వచ్చి శుక్లాలు తీస్తున్నారని తెలిసింది. మాలకొండమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయి. తోడు పోవడానికి కోడలు తప్ప ఎవరూ లేరు. ఇద్దరూ వేకువనే బయలుదేరారు. కాలువ దాకా గుడ్డి అత్తను కోడలు నడిపించింది. పొద్దెక్కాక, మిగిలిన మసక చూపుతో, కోడల్ని అత్త నడిపించింది.

బళ్ళో ఒక గదికి కిటికీలన్నీ నల్లగుడ్డలతో మూసి ఉన్నాయి. ఆ చీకట్లో డాక్టరు చిన్న దీపంతో కళ్ళు చూస్తున్నాడు. అంకాలమ్మ గదిలోకి రాగానే తలెత్తి, బల్లల మధ్య దారి చూసుకుంటూ అత్తను కుర్చీ దాకా తీసుకుపోయింది. పని అయి వరండాలోకి రాగానే కళ్ళు గట్టిగా మూసుకుని స్తంభం పట్టుకుంది. ఇది నర్సు సమాధానమ్మ కంట పడింది. నడివయసు మనిషి, నెల్లూరులో చాలా ఏళ్ళు కళ్ళ రోగుల మధ్యే గడిపింది. అంకాలమ్మ చెయ్యి పట్టుకుని మళ్ళీ చీకటి గదిలోకి తీసుకుపోయింది. డాక్టరు చాలాసేపు చూశాడు. రంగు దారాల చిక్కు ముందు పెట్టి ఏది ఏదో విడదీయమన్నాడు. తర్వాత సమాధానమ్మతో ఏదో చెప్పి, ఇంకో రోగిని పిలిచాడు.

"మీ అమ్మా నాయనా మేనరికమా?" అని అడిగింది సమాధానమ్మ.

"అవునమ్మా. నాకేమయింది?"

సమాధానమ్మ ఆమెను గదిలోనే ఒక మూల కూర్చోబెట్టి చెప్పింది. కంటి లోపల వెనకవైపు ఉల్లిపొర లాంటి తెర ఒకటి ఉంటుంది. ఆ తెరలో కంటికి ఆనని చిన్నచిన్న కణాలు కోట్లు. వెలుతురు వచ్చి తగిలిందని మెదడుకు కబురు చేసేవి అవే. వాటిలో రెండు జాతులు. ఒక జాతి పట్టపగటిది. ఎంత ఎండనైనా తట్టుకుంటుంది, రంగులు విడదీస్తుంది, సన్నటి వస్తువును సన్నగా చూపిస్తుంది. రెండో జాతి మసక వెలుతురుది. దానిలో ఊదారంగు మందు లాంటిది ఉంటుంది. చుక్కల వెలుతురు పడినా చాలు, ఆ మందు రవ్వంత విరిగి కబురు పుట్టిస్తుంది. కానీ ఎండ పడితే మందంతా ఒక్కసారే వెలిసిపోతుంది. మళ్ళీ చీకటి తగిలితేనే ఊరుతుంది. దానికి రంగులు తెలియవు.

"నీకు పగటి జాతి పుట్టుకతోనే పనిచేయడంలేదమ్మా. మేనరికాల్లో ఒక్కోసారి ఇలా పుడతారు. ఉండేదంతా రాత్రి జాతే. ఎండలో అది వెలిసిపోయి కూర్చుంటే నువ్వేం చూస్తావు? నీది నాటకమూ కాదు, మీ అమ్మ గ్రహణంలో చేపలు కోసిన పాపమూ కాదు."

"మందుందా అమ్మా?"

"లేదు. నల్లద్దాలు పెట్టుకుంటే ఎండ తగ్గి కొంచెం చూడగలుగుతావు. దూరం చూపు మాత్రం రాదు." సమాధానమ్మ దగ్గరికి జరిగి అంది. "ఒక మాట చెప్తాను, గుర్తు పెట్టుకో. చీకట్లో నీకు అందరికంటే ఎక్కువేం కనపడదు. చీకటి పడితే మేమంతా నీ మాదిరే చూస్తాము. మాకూ పగటి జాతి పడుకుంటాది. రంగులు పోతాయి. నమ్మనివాళ్ళుంటే చుక్కల వెలుతురులో రెండు రంగు గుడ్డలు చూపించి అడుగు."

ఆ మాట విని అంకాలమ్మ ఏడ్చింది. రోగం పోనందుకు కాదు. రోగానికి ఒక కారణముందనీ, అది తన గుణం కాదనీ ఒక మనిషి చెప్పినందుకు.

మాలకొండమ్మకు ఆపరేషన్ అయింది. కట్లు విప్పిన రోజు ముసలమ్మ వరండాలోకి తొంగిచూసి చేతులతో మొగం కప్పుకుంది. "ఇదేం వెలుతురే తల్లీ, కండ్లల్లో సున్నం పోసినట్టుండాది" అంది.

"నాకు రోజూ ఇంతే అత్తా" అంది అంకాలమ్మ.

ముసలమ్మ ఆ గొంతు వైపు చెయ్యి చాచింది. అందిన కోడలి చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఇంటికి వచ్చాక కొడుక్కి చెప్పింది. "నువ్వూ దాని పక్షమేనా, డాక్టరు దగ్గర కూడా నాటకమాడినాదా" అని ఆయన లేచి పోయాడు. పంతం పాతబడే కొద్దీ గట్టిపడుతుంది, దాన్ని మనిషి తన సొంత ఎముక అనుకుంటాడు.

చూపు కోసం దళసరి కళ్ళజోడొకటి, ఎండకు నల్లద్దాల జోడొకటి ఇచ్చారు ముసలమ్మకు. నల్లద్దాలు పెట్టుకుని ఒడ్డుకు పోతుంటే ఆమె నడకే మారిపోయింది, పాలేనికి ఇన్‌స్పెక్టరు వచ్చినట్టుండేది. ఒకరోజు మధ్యాహ్నం గడప దగ్గర అవి తీసి కోడలికి పెట్టింది. తెల్లటి మంట తగ్గి అందులోంచి ఒక కోడీ, దాని వెనక పిల్లలూ బయటపడ్డాయి. పట్టపగలు కోడిపిల్లలు నడవడం అంకాలమ్మ అంతకుముందు చూడలేదు. "నేను పోయినాక ఇయ్యి నీకేనే" అంది మాలకొండమ్మ.

అనడమైతే అంది. కానీ పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదని ఆ పాలెం నియమం. పెద్దకర్మ నాడు కట్టుబట్టలూ, వాడుకున్న సామానూ మూటగట్టి, దీపాలు పెట్టాక కొడుకు సముద్రంలో వదిలి వెనక్కి చూడకుండా రావాలి. ఏదైనా మిగుల్చుకుంటే పోయినవాళ్ళు అడుగుతూ వస్తారట. ఆ ఏటి వానల్లో మాలకొండమ్మ జ్వరంతో పోయింది. పెద్దకర్మ నాడు మూట కట్టింది అంకాలమ్మే. ముసలమ్మ చీరలు రెండు (ఆ పాలెంలో ముసలివాళ్ళూ రంగు చీరలే కట్టేవాళ్ళు), వక్కాకు సంచి, దళసరి కళ్ళజోడు, నల్లద్దాలు. అద్దాలను దాచుకోవడం ఎంతసేపు? కానీ ఊరు పెట్టిన పేరు ఎటూ ఉంది. దాన్ని నిజం చేయడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అద్దాలను కూడా మూటలో పెట్టి ముడివేసింది.

కామాక్షయ్య మూట తీసుకుని నడిచాడు. ఆమె వెనకే నడిచింది. రేపటినుంచి గంప పట్టేవాళ్ళు లేరు. మూట నీళ్ళలో పడితే అద్దాలు పోతాయి, అత్త నమ్మకం కూడా అత్తతోనే పోతుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో చావుదాకా ఈ మౌనమే. ఆకాశంలో చంద్రుడు లేడు, చుక్కలే ఉన్నాయి.

"మావా, ఒక్క మాట."

ఆయన ఆగాడు. ఆమె మూట అందుకుని ఇసక మీద పెట్టి ముడి విప్పి, చీరలు చెరొక చేత్తో పట్టుకుంది.

"అత్త చీరలు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. ఎర్రది ఏదో చెప్పు."

"ఇప్పుడేందే ఇది?"

"చెప్పు మావా. ఎన్నేండ్లు చూసినావు వీటిని."

కామాక్షయ్య వంగి చూశాడు. "ఇది నల్లంగా ఉండాది. ఇది కొంచెం తెలుపు తేలతా ఉండాది. చీకట్లో రంగేం తెలుస్తాది? ఈ తెలుపు తేలేదే ఎర్రదయ్యుంటాది."

"కాదు. నల్లంగా ఉండేదే ఎర్రది."

ఆయన మొలలోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీశాడు. ఆమె చెప్పిన చీర ఎర్రగా భగ్గుమంది, రెండోది పచ్చగా బయటపడింది. ఆమె మాత్రం చీరలను చూడటంలేదు. మొగం పక్కకు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అలా మూసుకోమని ఎవరూ చెప్పలేదు, చూసి మెచ్చుకునేవాళ్ళూ లేరు. పుల్ల వేలిదాకా కాలి ఆరిపోయింది. అప్పటిదాకా కనపడిన అల నురగ కూడా కామాక్షయ్యకు కనపడకుండా పోయింది.

"యాడుండావు?"

"ఈడే ఉండాను. కదలబాక. కాసేపటికి చూపు వస్తాది." ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఒక్క అగ్గిపుల్లకే నీకిట్టయింది మావా. పొద్దున వెలిగిన పుల్ల పొద్దు కుంకేదాకా నాకు ఆరదు."

ఆయనకు నురగ మళ్ళీ మెల్లగా కనపడటం మొదలైంది. ఎదురుగా మనిషి ఆకారం తేలింది, చేతిలో ఒక నల్ల చీరా ఒక బూడిద చీరా.

"నీకెప్పుడూ ఇట్టేనా?"

"ఎప్పుడూ ఇట్టే. ఎండలో ఇదీ ఉండదు."

"ఆ పొద్దు పోలేరయ్య కాడ..."

"అలికిడి విని పోయినాను. ఎవరి మొగమూ కనపళ్ళేదు."

"నాదీ?"

"ఎండలో నిన్ను నేనెప్పుడూ చూడలేదు మావా."

కామాక్షయ్య ఆమె చేతుల్లోని నల్ల చీరనూ బూడిద చీరనూ ఇంకోసారి వంగి చూశాడు. చివరికి చీరలు తీసుకుని మూట మళ్ళీ కట్టి, నీళ్ళలోకి దిగి వదిలిపెట్టాడు. వెనక్కి చూడకుండా గట్టెక్కాడు. గుడిసె దగ్గరికి వచ్చాక పిడికిలి చాచాడు. అందులో నల్లద్దాలు ఉన్నాయి.

"అమ్మ అడగతా వస్తే నాకు చెప్పు" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం అంకాలమ్మ గంప తీసుకుని ఒడ్డుకు పోయింది. చచ్చినదాని అద్దాలు పెట్టుకుందని ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. తెల్లటి మంట ఇసకగా, నీళ్ళుగా, మనుషులుగా విడిపోయి కనపడింది. దూరాన తెప్పలు మాత్రం అన్నీ ఒకే నల్ల మచ్చలు. సమాధానమ్మ ముందే చెప్పింది, దూరం చూపు రాదని. ఒక తెప్ప వచ్చింది, ఇంకొకటి వచ్చింది. ఆమె కాళ్ళు కదల్లేదు. మళ్ళీ ఎవరి ముందో గంప చాస్తానేమోనని గంపను దగ్గరికి లాక్కుంది. వెనకనుంచి ఎవరో నవ్వారు కూడా.

"అంకాలూ."

ఆ పాలెంలో ఒడ్డు మీద మొగుడు పెళ్ళాన్ని పేరుపెట్టి పిలవడు. అది నామర్దా. నవ్విన మనిషి నవ్వు ఆపేసింది.

"అంకాలూ, ఇటు. ఎడం పక్కకు. ఇంకా రా."

ఆమె ఆ గొంతు పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. ఆమె చేరేదాకా ఆయన పిలుస్తూనే ఉన్నాడు. మొదటి గుప్పెడు చేపలు గంపలో వేశాడు. అంత దగ్గరగా నిలబడి, ఎండలో మొగుడి మొగం మొదటిసారి చూసింది అంకాలమ్మ. కనుబొమల మీద ఉప్పు కట్టి ఉంది. కళ్ళు సగం మూసి, నొసలు ముడిచి చూస్తున్నాడు. కళ్ళు చికిలించేది లోకంలో తానొక్కతే అనుకుంది అన్నాళ్ళూ.

"నీకూ ఎండ కొడతా ఉండాదా మావా?"

"కొడతాది. సముద్రం మీద అందరికీ కొడతాది" అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో వాళ్ళు పెద్దగా మాట్లాడుకున్నారని కాదు. అన్నేళ్ళు మాట మరిచిన మనుషులకు అది ఒక్క రోజులో రాదు. సాయంత్రాలు ఆయన బీడీ కాల్చుకుంటూ, ఆమె వల అల్లుకుంటూ ఎప్పటిలాగే చెరొక పక్క కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం తెప్ప వచ్చే వేళకు మాత్రం, ఆయన సముద్రం మీదికి పోయినన్నాళ్ళూ, ఒడ్డు మీద ఆమె పేరు వినపడేది.